ట్యాంకు నిండుతున్నా శివారుకు నీళ్ళు రావడం లేదా? ఊరి కుళాయి లైన్‌ను సరిచేసుకునే పద్ధతి

"ట్యాంకు రోజూ నిండుతోంది, మోటారు బాగానే ఉంది, అయినా మా పేటకు నీళ్ళు రావడం లేదు. ఏం చేయాలి?" కాట్రేనికోన, అల్లవరం, మలికిపురం వైపు నుంచీ, గోదావరికి ఇవతల నరసాపురం, మొగల్తూరు వైపు నుంచీ చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. "ఇంకో ట్యాంకు కావాలని అర్జీ పెట్టాం" అని కూడా కొందరు చెబుతారు.

అర్జీ పెట్టండి, తప్పులేదు. కానీ అంతకంటే ముందు, ఇప్పుడున్న నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో కొలవండి. కొత్త ట్యాంకు వచ్చినా దాని కింద ఉండేవి ఈ పైపులే. చిల్లు పడ్డ పైపులో ఒత్తిడి పెంచితే ఆ చిల్లులోంచి ఇంకా ఎక్కువ పోతుంది. శివారు ఇంటి బిందెలో పడేది పెద్దగా పెరగదు.

మన డెల్టాలో ఈ లెక్కకు ఇంకో కారణం ఉంది. సముద్రం వైపు ఊళ్ళలో భూగర్భ జలం ఉప్పు. అందుకే ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటిని మంచినీటి చెరువుల్లో నింపుకొని, ఇసుక ఫిల్టర్ బెడ్ల మీదుగా సంపుకు, అక్కడి నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తున్నాం. ఎండాకాలంలో కాలువ కట్టేశాక, మళ్ళీ వదిలేదాకా ఆ చెరువే దిక్కు. రెండు వేల జనాభా ఉన్న ఊరనుకోండి. జలజీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లంటే ఊరికి 1,10,000 లీటర్లు. పైపుల్లో నాలుగో వంతు పోతుంటే, అంత అందడానికి చెరువు నుంచి సుమారు 1,47,000 లీటర్లు తోడాలి. 60 రోజులకు తేడా 22 లక్షల లీటర్లు. మే నెలలో చెరువు అడుగు కనిపించడానికి ఎండ ఒక్కటే కారణం కాదు.

కింద చెప్పేది ట్యాంకు ఆపరేటర్, వార్డు సభ్యులు, గ్రామ నీటి, పారిశుధ్య కమిటీ వాళ్ళు కలిసి చేసుకోగల పని. పంచాయతీ కార్యదర్శికి ముందే చెప్పండి. సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను వెంట పెట్టుకోండి. వాళ్ళకు తెలియకుండా వాల్వులు తిప్పితే, మంచి పనే అయినా ఊళ్ళో గొడవ అవుతుంది.

కావలసినవి

- పెద్ద కాగితం, రెండు రంగుల పెన్నులు, ఒక నోటు పుస్తకం
- కొలత టేపు, సన్నని తాడు, తాడు చివర కట్టడానికి బరువు
- 10 లీటర్ల బకెట్, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్
- రెండు మూడు మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ గొట్టం, కుళాయికి బిగించేందుకు క్లిప్పు
- వాల్వు తిప్పే కీ, టార్చి, పొడవాటి కర్ర
- క్లోరిన్ పరీక్షకు క్లోరోస్కోప్ లేదా డీపీడీ మాత్రల కిట్
- పెన్ను ఆకారంలో ఉండే టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన లవణాలు ఎంతో చూపేది)
- దొరికితే ప్రెషర్ గేజ్. ట్యాంకు నుంచి బయటికొచ్చే పైపుకు మీటర్ ఉంటే సగం పని తేలికైనట్టే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కాలువ కట్టేసిన వారం పది రోజులకు. అప్పటికి పంట బోదెలు, చేలు ఎండుతాయి. ఆ సమయంలో రోడ్డు పక్కన చెమ్మ ఆరకుండా ఉందంటే అనుమానించాల్సిందే. వానాకాలంలో ఊరంతా తడిగా ఉంటుంది, నేల తవ్వితే నాలుగడుగుల్లోనే నీరు ఊరుతుంది. అప్పుడు లీకు వెతకడం చాలా కష్టం. వాన పడిన మర్నాడు మాత్రం ఎప్పుడూ పెట్టుకోవద్దు.

1. ఊరి పైపుల పటం గీయండి

ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ఏ వీధికి ఏ పైపు వెళ్ళింది, ఎంత సైజు, పీవీసీయా, పాత ఏసీ (ఆస్‌బెస్టాస్ సిమెంటు) పైపా, ఇనుపదా, వాల్వులు ఎక్కడున్నాయి, ఏ పైపు మురుగు కాలువను, పుంతను, తూమును దాటుతోంది అన్నవి గుర్తించండి. పాత ఆపరేటర్ రిటైరై ఇంట్లో ఉంటే ఆయన్ను పిలవండి. చాలా ఊళ్ళలో పైపుల పటం ఆయన తలలోనే ఉంటుంది. కాగితం మీదికి తెచ్చుకోవడానికి ఇదే సమయం.

వాల్వు గోతులన్నీ మూత తీసి చూడండి. చేయి పెట్టే ముందు కర్రతో కదపండి, టార్చి వేయండి. మన వైపు ఈ గోతుల్లో పాములుండడం కొత్త కాదు. మట్టిలో కూరుకుపోయిన వాల్వులు, తారు రోడ్డు కిందికి వెళ్ళిపోయిన వాల్వులు ఉంటాయి. వాటిని బయటికి తీయించండి. ప్రతి వాల్వును పూర్తిగా మూసి, తెరిచి చూడండి. ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి. ఎప్పుడూ నెమ్మదిగానే తిప్పాలి. పారే నీటిని ఒక్కసారిగా ఆపితే ఆ దెబ్బ పైపు జాయింట్ల మీద పడుతుంది.

పటం మీద మెరక ఇళ్ళు, పల్లపు ఇళ్ళు వేరే రంగుతో గుర్తించండి. మన నేల చదునుగా కనిపిస్తుంది కానీ, అడుగున్నర తేడా కూడా శివారు కుళాయిలో తెలుస్తుంది.

2. ముందు ట్యాంకును పరీక్షించండి

పైపులను అనుమానించే ముందు ట్యాంకు సంగతి తేల్చుకోవాలి. ట్యాంకు నింపి, బయటికి వెళ్ళే వాల్వు మూసి, మోటారు ఆపండి. పైనున్న మూతలోంచి బరువు కట్టిన తాడు దించి, అంచు నుంచి నీటి మట్టం దాకా కొలవండి. గంట తర్వాత అదే చోట నిలబడి మళ్ళీ కొలవండి. పైకి ఎక్కేవాళ్ళు నడుముకు తాడు కట్టుకోవాలి, కింద ఇంకొకరు ఉండాలి. నిచ్చెన మెట్లు తుప్పు పట్టి ఉంటే ఎక్కకండి, ముందు అవి మార్పించండి.

మట్టం కదలకపోతే సంతోషం. తగ్గితే మూడు చోట్ల చూడండి. మూసిన వాల్వు పూర్తిగా మూసుకోక నీళ్ళు జారుతుండవచ్చు. ట్యాంకు గోడ చెమర్చుతుండవచ్చు. నీళ్ళు ఎక్కే పైపు ట్యాంకు అడుగు నుంచి చేరేదైతే, నాన్ రిటర్న్ వాల్వు పాడై నీళ్ళు మళ్ళీ సంపులోకి దిగుతుండవచ్చు. ఆ పైపు పై అంచు మీదుగా పోసేదైతే ఈ మూడో అనుమానం అక్కర్లేదు.

ఓవర్‌ఫ్లో పైపు కింద నేల కూడా చూడండి. అక్కడ తుంగ, గడ్డి పచ్చగా పెరిగి ఉంటే ట్యాంకు రోజూ పొర్లుతోందన్నమాట. ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. ఆయన ఒక్కడే ఫిల్టర్ బెడ్లూ, మోటారూ, వాల్వులూ చూసుకుంటాడు. మట్టం నిండగానే మోటారు ఆగిపోయే స్విచ్ పెట్టించండి. అది కుదరకపోతే కిందికి కనిపించే మట్టం సూచిక పెట్టించినా చాలు.

3. రాత్రి పరీక్ష చేయండి

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. దీనికి ఒక రాత్రి నిద్ర పోతుంది. అయినా చేయండి.

ముందు రోజు దండోరా వేయించండి, వాట్సాప్ గ్రూపులో పెట్టండి: "ఫలానా రాత్రి పరీక్ష, కుళాయిలన్నీ కట్టేయండి." ఇది రెండుసార్లు చెప్పాలి. మన ఊళ్ళలో నీళ్ళు వస్తే చప్పుడు వినిపిస్తుందని కుళాయి తెరిచి బకెట్ పెట్టి పడుకుంటారు. అలాంటివి పది ఉన్నా మీ లెక్క తప్పుతుంది. సాయంత్రం వార్డు సభ్యులు ఇంటింటికీ వెళ్ళి చెబితే ఇంకా మంచిది.

రాత్రి 10 గంటలకు ట్యాంకు నింపి మోటారు ఆపి, ఊరికి నీళ్ళు వదలండి. పైపులు, ఇళ్ళలోని సంపులు నిండడానికి రెండు గంటలు పట్టవచ్చు. ఆ సమయంలో మట్టం గబగబా తగ్గుతుంది, దాన్ని పట్టించుకోవద్దు. 12 నుంచి 2 దాకా అరగంటకోసారి మట్టం రాయండి.

లెక్క ఇలా: గుండ్రటి ట్యాంకుకు లోపలి వ్యాసం మీటర్లలో తీసుకొని, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ 7.85తో గుణించండి. సెంటీమీటర్ మట్టానికి ఎన్ని లీటర్లో వస్తుంది. 5 మీటర్ల వ్యాసమైతే 5 × 5 × 7.85, అంటే సుమారు 196 లీటర్లు. రెండు గంటల్లో 24 సెంటీమీటర్లు తగ్గిందనుకోండి. అంటే 4,700 లీటర్లు, గంటకు 2,350. మీ ఊరికి రోజుకు నాలుగు గంటలు నీళ్ళిస్తుంటే, రోజుకు 9,400 లీటర్ల దాకా నేల తాగుతోంది. మనిషికి 55 చొప్పున అది 170 మంది వాటా. ఒక చిన్న పేట మొత్తానిది.

ఒక జాగ్రత్త. అర్ధరాత్రి వాడకం ఉండదు కాబట్టి పైపుల్లో ఒత్తిడి పగటి కంటే ఎక్కువ. అందువల్ల లీకు కూడా కాస్త ఎక్కువే కనిపిస్తుంది. ఈ అంకెను గరిష్ఠ అంచనాగా తీసుకోండి. రిపేరు తర్వాత ఇదే పద్ధతిలో మళ్ళీ కొలిచి పోల్చుకోవడానికి మాత్రం ఇది పక్కాగా పనికొస్తుంది.

ఎంతవరకు పోతే సరే అని అడుగుతారు. పట్టణాల నీటి సరఫరాకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో లెక్కకు రాని నీరు 15 శాతం లోపు ఉండాలని ఉంది. పల్లెలో కూడా దాన్నే గురిగా పెట్టుకోవచ్చు.

*ఊరంతా కుళాయిలు కట్టేయడం కుదరకపోతే:* ట్యాంకు బయటి పైపుకు మీటర్ పెట్టించి, వారం రోజుల మొత్తాన్ని ఏడుతోనూ, జనాభాతోనూ భాగించండి. మనిషికి రోజుకు 90 లీటర్లు వెళ్తున్నట్టు వచ్చి, శివారులో రెండు బిందెలు కూడా రాకపోతే, మధ్యలో ఎక్కడో పోతున్నట్టే. ఎక్కడన్నది మాత్రం దీంతో తెలియదు.

4. ఏ వీధిలో పోతోందో తేల్చండి

రాత్రి పరీక్షను అక్కడే ఆపకుండా కొనసాగించండి. ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్న వాల్వు మూయండి. అరగంట మట్టం చూడండి. తర్వాత దాని ముందు వాల్వు. అలా ట్యాంకు వైపు వస్తూ ఒక్కొక్కటే మూయాలి.

ఉదాహరణకు, అన్నీ తెరిచి ఉన్నప్పుడు అరగంటకు 6 సెంటీమీటర్లు తగ్గింది. చివరి పేట వాల్వు మూస్తే 5.5. అంటే ఆ పేటలో పెద్ద లీకు లేదు. తర్వాత మురుగు కాలువ పక్క వీధి మూస్తే 2.5కు పడిపోయింది. దొంగ అక్కడున్నాడు! ఆ వీధి ఒక్కటే అరగంటకు 3 సెంటీమీటర్లు, గంటకు దాదాపు 1,180 లీటర్లు తాగుతోంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, మూసిన వాల్వు నిజంగా మూసుకుందో లేదో చూడకపోవడం. వాల్వు మూశాక ఆ వీధిలో ఒక కుళాయి తెరవండి. ఆ వీధి పైపుల్లో మిగిలిన నీళ్ళు కాసేపు వచ్చి, ధార ఆగిపోవాలి. సన్నగా కారుతూనే ఉంటే ఆ వాల్వు లోపల అరిగింది. ఆ రీడింగ్‌ను నమ్మవద్దు.

వీధికో వాల్వు లేని ఊళ్ళుంటాయి. అలాంటి చోట ముందు రెండు మూడు వాల్వులైనా పెట్టించండి. పైపు కోసం పెట్టే ఖర్చులో ఇది చిన్నది. ఊరు మూడు ముక్కలైతే వెతకాల్సిన చోటు మూడో వంతుకు తగ్గుతుంది.

5. ఖచ్చితమైన చోటు పట్టుకోండి

వీధి తెలిశాక మర్నాడు నీళ్ళు వదిలినప్పుడు నడవండి. వరస ఇలా పెట్టుకోండి: ఇంటి కనెక్షన్ మెయిన్ పైపుకు కలిసే చోట్లు, వాల్వు గోతులు, తూముల దగ్గర పైపు పైకి లేచి దిగే చోట్లు, కాలువ కింద నుంచి దాటే చోట్లు, పొక్లెయిన్ ఈమధ్య తిరిగిన చోట్లు. రొయ్యల చెరువు గట్టు వేసినా, డ్రెయిన్ పూడిక తీసినా పైపుకు దెబ్బ తగిలి ఉండవచ్చు. తవ్విన రోజు తెలియదు. కదిలిన జాయింటు తర్వాత నెమ్మదిగా వదులవుతుంది.

మెట్టప్రాంతంలో లీకైతే రోడ్డు మీదికి నీరు ఉబుకుతుంది. మన దగ్గర చాలాసార్లు అది పైకి రాదు. పక్కనే బోదె, మురుగు కాలువ, చెరువు ఉంటాయి, అటు జారిపోతుంది. అందుకని రోడ్డు కంటే కాలువ గట్టు లోపలి వైపు ఎక్కువ చూడండి. ఎండిన డ్రెయిన్ గోడలో ఒక్క చోట నీరు ఊరుతోందా? ఒక్క కొబ్బరి చెట్టు పాదు మాత్రం ఎప్పుడూ బురదగా ఉందా?

చెమ్మ కనిపించింది, అది కుళాయి నీరో ఊట నీరో తెలియదు. అప్పుడు టీడీఎస్ మీటర్ తీయండి. ముందు దగ్గరి కుళాయి నీటిలో ముంచి అంకె రాసుకోండి. తర్వాత దగ్గరి చేతిపంపు నీటిలో చూడండి. సముద్రం వైపు ఊళ్ళలో ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది. ఇప్పుడు గుంతలో నీటిని తోడేసి, కొత్తగా ఊరిన నీటిలో ముంచండి. అంకె కుళాయి వైపు ఉంటే తవ్వండి. చేతిపంపు వైపు ఉంటే అది ఊట. మధ్యలో ఉంటే రెండూ కలిశాయి, అదీ తవ్వాల్సిన చోటే.

లంక గ్రామాల్లో బోరు నీళ్ళే ట్యాంకుకు ఎక్కిస్తారు కాబట్టి ఈ పద్ధతి పనిచేయదు. కాలువ పారే రోజుల్లోనూ పనిచేయదు, చేలో నీరూ కుళాయి నీరూ ఒకే చోటివి. అక్కడ క్లోరిన్ పరీక్ష వాడండి. గుంత నీటిలో క్లోరిన్ రంగు వస్తే అది చాలావరకు కుళాయి నీరే. రంగు రాకపోతే మాత్రం లీకు కాదని తీర్మానించకండి. మట్టిలో కలిసిన క్లోరిన్ త్వరగా పోతుంది.

ఇనుప పైపు, ఇనుప వాల్వు అయితే నిశ్శబ్దంగా ఉన్న వేళ ఇనుప రాడ్‌ను దానికి ఆనించి రెండో కొన చెవికి పెట్టండి. లీకు దగ్గరవుతున్నకొద్దీ బుసలాంటి చప్పుడు పెరుగుతుంది. పీవీసీ పైపులో చప్పుడు ఎక్కువ దూరం రాదు.

6. రిపేరు

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. పైపు మీద సైకిల్ ట్యూబు చుట్టి, వైరుతో బిగించి, మట్టి కప్పేయడం రిపేరు కాదు. ఆ రాత్రికి మాత్రమే పనికొస్తుంది.

గొయ్యిని పైపు కంటే ఒక అడుగు లోతుగా, రెండు వైపులా చేయి తిరిగేంత వెడల్పుగా తీయండి. ఒక మూల ఇంకాస్త లోతు చేస్తే ఊట అక్కడికి చేరుతుంది, అక్కడి నుంచి తోడవచ్చు. కరెంటు మోటారుతో తోడుతుంటే, స్విచ్ ఆపి ప్లగ్ పీకకుండా ఎవరూ గోతిలో దిగకూడదు. నల్లరేగడి గోడ విరిగి పడుతుంది కాబట్టి లోతైన గోతికి పక్కలు వాలుగా కొట్టండి.

పీవీసీ పైపుకు పగిలిన ముక్క కోసేసి కొత్త ముక్క వేయాలి. గమ్ము పనిచేయాలంటే పైపు పొడిగా ఉండాలి. గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, గమ్ము రెండు వైపులా రాసి, లోపలిదాకా నొక్కి పట్టుకోవాలి. డబ్బా మీద రాసినంత సమయం ఆగాక నీళ్ళు వదలాలి. ఊట ఆగక పైపు పొడిగా ఉండకపోతే గమ్ము జోలికి పోవద్దు. రబ్బరు వాషరుతో బోల్టులు బిగించే కప్లింగ్ వాడండి. ధర ఎక్కువే, కానీ మళ్ళీ తవ్వే పని ఉండదు. బోల్టులు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. ఉప్పు నేలలో మామూలు ఇనుప బోల్టులను తుప్పు త్వరగా తినేస్తుంది.

పాత ఏసీ పైపు అంటే ఆస్‌బెస్టాస్ సిమెంటు. దాన్ని గ్రైండర్‌తో పొడిగా కోయకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. నీళ్ళు పోస్తూ చేతి రంపంతో కోయాలి, మూతికి మాస్కు ఉండాలి, ముక్కలు పిల్లలకు దొరికే చోట పారేయకూడదు. వీలుంటే ఆ వీధి పైపు మొత్తం మార్పించమని అడగండి.

కొత్తగా వేసే ముక్కలను, ఫిట్టింగులను బ్లీచింగ్ నీటితో తుడవండి. లీటరు నీటికి 30 గ్రాముల పొడి సరిపోతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి. బిగించాక నీళ్ళు వదిలి, గొయ్యి పూడ్చకుండా ఒక గంట ఒత్తిడిలో ఉంచి చూడండి. జాయింటు కింద వేలు పెట్టి తడి ఉందేమో చూడాలి. పైనుంచి చూస్తే తెలియదు. తర్వాత పైపు కింద, చుట్టూ ఇసుక వేసి అప్పుడు మట్టి కప్పండి. చివరి కుళాయి తెరిచి నీళ్ళు తేటగా వచ్చేదాకా వదిలేయండి.

పూడ్చిన వారానికి రాత్రి పరీక్ష మళ్ళీ చేయండి. ఒక లీకు కడితే ఒత్తిడి పెరిగి ఇంకో బలహీనమైన చోట తెరుచుకోవడం మామూలే. "బాగుచేశాంగా, మళ్ళీ ఎందుకు" అని ఆపేస్తే చేసిన కష్టం వృథా అవుతుంది.

7. ఉన్న నీటిని శివారుదాకా సమంగా పంచండి

లీకులన్నీ కట్టినా ట్యాంకు దగ్గర ఇళ్ళలో బకెట్ నిమిషంలో నిండి, శివారులో చుక్కలు పడుతుంటే, అది పంపకంలో లోపం.

నీళ్ళు వదిలిన అరగంటకు ప్రతి వీధిలో మొదటి ఇల్లు, చివరి ఇల్లు, మెరక మీది ఇల్లు ఎంచుకోండి. 10 లీటర్ల బకెట్ నిండడానికి ఎంత పట్టిందో రాయండి. రెండు నిమిషాలైతే నిమిషానికి 5 లీటర్లు. నలుగురున్న ఇంటికి కావలసిన 220 లీటర్లు 44 నిమిషాల్లో వస్తాయి. అదే ఆరు నిమిషాలు పడితే 220 లీటర్లకు రెండు గంటలు దాటుతుంది. మీరు గంటన్నరే నీళ్ళిస్తుంటే ఆ ఇంటికి ఎప్పటికీ చాలదు.

శివారు కుళాయికి పారదర్శక గొట్టం బిగించి నిలువుగా పైకి పట్టుకుంటే నీరు ఎంత ఎత్తు ఎక్కుతుందో అదే అక్కడి ఒత్తిడి. కుళాయి కంటే ఒక మీటరు కూడా ఎక్కకపోతే చాలా తక్కువ. ట్యాంకు దగ్గర ఇళ్ళలో ఈ గొట్టం చాలదు, గేజ్ వాడాలి. 10 మీటర్ల ఎత్తుకు గేజ్‌లో సుమారు ఒక కిలో చూపిస్తుంది.

ఇప్పుడు సర్దుబాటు. ట్యాంకు దగ్గరి వీధుల వాల్వులను కొద్దికొద్దిగా, ఒక్కో చుట్టు చొప్పున తగ్గించండి. ప్రతిసారీ పావుగంట ఆగి, మొదటి ఇంట్లోనూ చివరి ఇంట్లోనూ బకెట్ పరీక్ష చేయండి. రెండింటి మధ్య తేడా రెండింతల లోపుకు వచ్చాక ఆపండి. పూర్తిగా సమానం చేయాలని చూస్తే రోజంతా అదే పని. కుదిరిన చోట ఎన్ని చుట్లు తెరిచి ఉందో వాల్వు మూత లోపల పెయింటుతో రాయండి. సెలవు రోజు ఇంకొకరు వచ్చి తిప్పినా తప్పు రాదు. గేటు వాల్వును ఏళ్ళ తరబడి సగం తెరిచి వాడితే గేటు అరుగుతుంది. తర్వాతి నిధుల్లో ఇంటి కనెక్షన్లకు ప్రవాహం తగ్గించే చిన్న ఫిట్టింగులు పెట్టించడం దీనికంటే నిలకడైన దారి.

తూములు దాటడానికి పైపు వంతెనలా పైకి లేచిన చోట గాలి నిలిచిపోతుంది. అవతలి వీధికి నీళ్ళు ఆలస్యంగా, బుడబుడమంటూ వస్తుంటే అక్కడ ఎయిర్ వాల్వు ఉందా, పనిచేస్తోందా చూడండి. కొన్ని ఊళ్ళలో శివారు సమస్య ఈ ఒక్కదానితోనే తీరుతుంది.

*ఇంకా చాలకపోతే* ఊరిని రెండు భాగాలు చేసి వేళలు మార్చండి. పొద్దున శివారు, సాయంత్రం ట్యాంకు వైపు. వేళలు రాసి బోర్డు పెట్టండి, ఆ మాట తప్పకండి. ఎప్పుడొస్తాయో తెలియకపోతేనే అందరూ డ్రమ్ములు నింపి, మర్నాడు పారబోసి మళ్ళీ నింపుతారు.

ఇక కుళాయికి నేరుగా మోటారు బిగించేవాళ్ళ సంగతి. అది పక్క ఇంటి నీళ్ళు లాగుతుంది, లీకు ఉన్న చోట మురుగునూ లోపలికి పీలుస్తుంది. తీయించాల్సిందే. కానీ ముందు ఒత్తిడి సరిచేసి, ఆ తర్వాత పంచాయతీ తీర్మానం పెట్టి తీయించండి. నీళ్ళు రాకే చాలామంది మోటారు పెట్టుకున్నారు. నీళ్ళు ఇవ్వకుండా మోటారు పీకితే వారం తిరక్కుండా మళ్ళీ వస్తుంది. కుళాయి నుంచి తమ సంపులోకి వదిలి, సంపు నుంచి మోటారు వేసుకుంటే ఎవరికీ నష్టం లేదని చెప్పండి. ఆ సంపుకు నిండగానే మూసుకునే బాల్ వాల్వు ఉండాలి.

8. శివారు కుళాయిలో క్లోరిన్ చూడండి

రోజుకు కొన్ని గంటలే నీళ్ళిచ్చే ఊళ్ళలో మిగతా సమయం పైపు ఖాళీ. చిల్లు ఉన్న చోట అప్పుడు బయటి మురుగు లోపలికి వస్తుంది. మొదట వచ్చే నీళ్ళు నల్లగా, వాసనగా ఉన్నాయంటే అదే కారణం కావచ్చు. లీకు పట్టుకోవడమంటే నీళ్ళు మిగల్చడం మాత్రమే కాదు, పిల్లలకు విరేచనాలు రాకుండా కాపాడటం కూడా.

నీళ్ళు వచ్చిన ఐదు నిమిషాలకు ఒకసారి, అరగంటకు ఇంకోసారి చివరి కుళాయిలో పరీక్షించండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు కింద 0.5 ఉండి శివారులో సున్నా అయితే మధ్యలో ఎక్కడో మురికి కలుస్తోందని, లేదా పైపులో పాచి పట్టిందని అర్థం. పరీక్షకు తీసిన నీళ్ళు తాగకుండా పారబోయండి.

బ్లీచింగ్ లెక్క తెలుసుకోవాలి: 60 వేల లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున వేయాలంటే 120 గ్రాముల క్లోరిన్. పొడిలో 30 శాతం ఉంటే 400 గ్రాములు. మన గాలిలో తేమకు, మూత తీసి ఉంచిన సంచి బలం త్వరగా తగ్గుతుంది. అందుకే గ్రాముల కంటే చివరి కుళాయి పరీక్షనే నమ్మండి, దాన్నిబట్టి మోతాదు పెంచండి, తగ్గించండి. పొడిని నేరుగా ట్యాంకులో గుమ్మరించవద్దు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట పోయండి.

పంచాయతీలో క్షేత్ర పరీక్షల కిట్ ఉంటే అందులోని బ్యాక్టీరియా సీసాలు కూడా వాడండి. నీళ్ళు పోసి ఉంచాక నల్లబడితే, ఆ వీధి నీటిని కాచి తాగమని ఆరోజే చెప్పండి. నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపండి.

9. పుస్తకంలో ఏం రాయాలి

నెలకోసారి నాలుగు అంకెలు చాలు: రాత్రి పరీక్షలో గంటకు ఎన్ని లీటర్లు తగ్గింది, శివారులో బకెట్ ఎంతసేపట్లో నిండింది, అక్కడ క్లోరిన్ ఎంత, మోటారు రోజుకు ఎన్ని గంటలు ఆడింది. మొదటిది ఉన్నట్టుండి పెరిగితే కొత్త లీకు. మొదటిది మారకుండా రెండోది పెరిగితే ఎక్కడో వాల్వు ఎవరో తిప్పారు, లేదా గాలి పట్టింది. మోటారు గంటలు పెరుగుతూ మిగతావి మారకపోతే సంపు నుంచి ట్యాంకుకు వెళ్ళే పైపునూ, పంపునూ చూడండి.

కాలువ కట్టేసే తేదీ ప్రకటించగానే మంచినీటి చెరువు మట్టం కూడా రాయడం మొదలుపెట్టండి. గట్టు మెట్టు మీద పెయింటుతో గీతలు గీస్తే ఎవరైనా చూసి చెప్పగలరు.

ఇవన్నీ చేశాక కూడా శివారుకు చాలకపోతే పైపు సైజు చిన్నదై ఉండవచ్చు, ఊరు పెరిగి ఉండవచ్చు. అప్పుడు పటం, రాత్రి పరీక్ష అంకెలు, బకెట్ లెక్కలు జతచేసి గ్రామీణ నీటి సరఫరా విభాగం ఏఈ గారికి అర్జీ ఇవ్వండి. "నీళ్ళు రావడం లేదు" అని మాత్రమే రాయకండి. "ఫలానా వీధి చివర బకెట్‌కు ఆరు నిమిషాలు పడుతోంది, లీకులు కట్టాం, ఫలానా తూము నుంచి ఫలానా గుడిదాకా పెద్ద పైపు కావాలి" అని రాయండి. ఒక కాపీ మీద తేదీతో సంతకం చేయించుకొని పంచాయతీ ఫైలులో పెట్టండి.